నక్షత్రరాజ్యముల యెల్లలు: స్టెల్లారిస్ క్రీడయందలి సీమానియమవిమర్శనము

సీమ యనఁగా నేమి యను ప్రశ్నము భూమిమీఁద సులభముగాఁ దోఁచును. ఏఱు, కొండ, అడవి, సముద్రము మున్నగునవి తమంతఁ దామే యొక హద్దును చూపును. గ్రామములందు గట్టు, చెఱువు, మఱ్ఱిచెట్టు పొలిమేరను నిలుపును. ఆకాశమునం దిట్టి సాయ మొక్కటియు లేదు. రెండు నక్షత్రముల నడుమ నున్నది శూన్యము. ఆ శూన్యములో నింతవఱకు నాది, అవ్వలిది నీది యని పలుకుటకుఁ బ్రకృతి యే గుఱుతును ఈయదు. చంద్రుఁడు మొదలగు ఖగోళములను ఏ రాజ్యమును తన స్వామ్యమునకు లోఁబఱచుకొనరాదని 1967 సంవత్సరపు బాహ్యాంతరిక్షసంధి విధించినది. కావున లోకవ్యవహారమునందును ఈ ప్రశ్నమునకు దృష్టాంతము దొరకదు. నక్షత్రరాజ్యముల సీమలు కేవలము కల్పకుల బుద్ధినుండియే పుట్టవలసియున్నవి.

ఆటలో నియమమే ప్రకృతి. నియమకర్త సీమ నెట్లు నిర్వచించెనో దానినిబట్టియే ఆటకాఁడు దేనిని తనదిగా భావించునది, దేనికై పోరాడునది, దేనిని పోఁగొట్టుకొని వగచునది నిర్ణయమగును. కావున నిట్టి క్రీడలయందలి సీమానియమమును పరీక్షించుట, స్వామ్యమనఁగా నేమి యను ప్రాచీనప్రశ్నమును క్రొత్త యుదాహరణముతోఁ బరీక్షించుటయే. ఈ పరీక్షకు స్టెల్లారిస్ అను క్రీడ మిక్కిలి తగినది. ఏలన, ఆ యొక్క క్రీడయే సీమను రెండుమాఱులు, పరస్పరవిరుద్ధములైన రెండు విధములుగా నిర్వచించినది.

స్వీడను దేశమునందలి పారడాక్స్ సంస్థవారు రచించిన ఈ కంప్యూటరు క్రీడ 2016 మే 9వ తేదీని వెలువడెను. దీనియందు ఆటకాఁడు ఒక జాతికిఁ బ్రభువై, ఒక్క గ్రహముతో మొదలిడి, గెలాక్సీ యనఁబడు నక్షత్రవీథిలోఁ దన రాజ్యమును విస్తరించును. ఆ వీథియందు 200 మొదలు 1000 వఱకు నక్షత్రములుండును. చదరంగమునందువలె నొకరి పిమ్మట నొకరు ఎత్తు వేయుట యిందు లేదు. కాల మందఱకు నొక్కమాఱే జరుగును. గనులు త్రవ్వించుట, శాస్త్రములు సాధించుట, వలసలు నిలుపుట, సంధివిగ్రహములు నడపుట యిందలి వ్యాపారములు. వీనిలోఁ బెక్కింటికి మూలము నక్షత్ర మొకటి తన సీమలో నున్నదా లేదా యను ప్రశ్నమే. సీమకు వెలుపల గనిస్థానమును కట్టుటకు వీలులేదు.

ఈ క్రీడకు ముందు నడచిన మార్గములను కొంచెము చూడవలసియున్నది. 1993లో వెలువడిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ అను నక్షత్రక్రీడయం దోడలు తమ వలసలనుండి యిన్ని పార్సెక్కుల దూరమువఱకే పోఁగలవను నియమము గలదు. అది గమనశక్తికి అవధియే కాని స్వామ్యమునకు సీమ కాదు. ఇద్దఱి యవధు లొకదానిపై నొకటి పడినను అందువలన నెవ్వనికిని నష్టము లేదు. 2001లో వెలువడిన సివిలైజేషన్ మూఁడవ కూర్పు భూలోకరాజ్యముల క్రీడ. అందు దేవాలయములు, గ్రంథాలయములు మున్నగు కట్టడములు సంస్కృతి యను సంఖ్యను పెంచును. ఆ సంఖ్య ననుసరించి పట్టణముచుట్టును రాజ్యపు రంగు విస్తరించును. పొరుగువాని సంస్కృతి మిక్కిలి ప్రబలమైనచో సరిహద్దునందలి పట్టణము యుద్ధము లేకయే పక్షము మాఱుటయుఁ గలదు. స్టెల్లారిస్ మొదట నీ రెండవ మార్గమును ఆకాశమున కెత్తికొనిపోయినది.

ఆధారము మూఁడు తెఱఁగులు

ఈ నియమములను వేఱుపఱచి చూచుటకు వ్యాకరణమునందలి యధికరణవిచార మక్కఱకు వచ్చును. కర్తకుఁగాని కర్మకుఁగాని యాధారమై, తద్ద్వారమునఁ గ్రియ కాశ్రయమైనది యధికరణము. ఆ యాధారము మూఁడు తెఱఁగులని మహాభాష్యకారుని మతము. చాపమీఁదఁ గూర్చుండుటయందు చాపతోఁ గూర్చుండువానికిఁ గల సంబంధము తాఁకుడు మాత్రమే. చాపలో నొక యంశము తాఁకిన చాలును. ఇది యౌపశ్లేషికము. నువ్వులలో నూనె యున్నదన్నచో నూనె నువ్వునందలి ప్రతి యంశమును వ్యాపించియున్నది. ఇది యభివ్యాపకము. మోక్షమునం దిచ్ఛ గలదన్నచో నిచ్ఛ మోక్షమును తాఁకియు లేదు, వ్యాపించియు లేదు. మోక్షము దానికి విషయమైయున్నది. ఇది వైషయికము. సంస్కృతమున నీ మూఁటికిని సప్తమీవిభక్తి యొక్కటియే. తెలుఁగువాఁడు సహజముగాఁ బలుకునపుడు చాప 'మీఁద', నువ్వుల 'లో', మోక్షమున 'అందు' అని వేఱువేఱుగాఁ బలుకుట గమనింపఁదగినది.

రాజ్యము నక్షత్రమునం దున్నదన్నప్పుడు ఈ మూఁటిలో నే యాధారము వివక్షితము? తాఁకుటచేతనా, వ్యాపించుటచేతనా, కోరుటచేతనా? సీమను నిర్మించువాఁడు తెలిసియో తెలియకయో యీ ప్రశ్నమునకు బదులు చెప్పియే తీఱవలెను.

తొలి నియమము

2016 నాఁటి నియమమున రాజ్యము నువ్వులలోని నూనె వంటిది. ప్రతి వలసయును దీపమువలెఁ దనచుట్టును కొంతదూరము రాజ్యవ్యాప్తిని ప్రసరింపఁజేసెడిది. జనసంఖ్య పెరిగినకొలఁదిని, కొన్ని శాస్త్రములు సాధించినకొలఁదిని ఆ వ్యాప్తి పెరిగెడిది. జనులు లేనిచోట దానిని కలిగింపఁగోరినచో శూన్యమున సరిహద్దు ఠాణాను నిలుపవచ్చును. దానికై పలుకుబడి యను రాజకీయధనము నెలనెలను వ్యయమగుచుండెడిది. ఈ వ్యాప్తులన్నియుఁ గలసిన మేర రాజ్యము. ఇద్దఱి వ్యాప్తు లొకచోటఁ గలిసినప్పుడు బలవత్తరమైనది రెండవదానిని వెనుకకు నెట్టెడిది. వలస గల నక్షత్రము తన ప్రభువునకే నిలిచియుండెడిది. జనులు లేని నక్షత్రము మాత్రము, ఆటకాఁడు వేఱొకపని చూచుకొనుచుండఁగనే, పొరుగువాని రంగులోనికిఁ బోయెడిది.

ఈ నియమమునందు గుణము లేకపోలేదు. సీమ జనులనుండి పుట్టినది. జనులు పెరిగినచో సీమ పెరిగినది. భాషల సీమ లిట్టివే. బళ్లారి ప్రాంతమునఁ దెలుఁగు ముగిసి కన్నడ మారంభమగు చోటును వ్రేలితోఁ జూపుట యెవ్వరికిని సాధ్యము కాదు. ఒక భాష మఱియొకదానిలోనికి మెల్లమెల్లఁగాఁ గలసిపోవును. తొలి నియమమున రాజ్యములును అట్లే యొకదానిలోనికి నొకటి చొచ్చుకొనెడివి. ఈ యంశమున నది లోకస్వభావమునకు సన్నిహితము.

దోషము మాత్రము గుణముకంటెఁ బెద్దది. వ్యాప్తి కంటికిఁ గనఁబడదు. నూనె నువ్వులో నున్నదని గానుగ యాడించినపుడే తెలియును. పొరుగువాని జనసంఖ్య యెంత, వాఁడు సాధించిన శాస్త్రము లెవ్వి, దూర మెంత యను పెక్కు సంఖ్యల సంకలనమున సీమ పుట్టుచుండఁగా, నక్షత్రమును పోఁగొట్టుకొన్నవానికి గీఁత జరిగినదని మాత్రమే తెలిసెడిది. ఏల జరిగినదో, దేనిని చేసియుండినచో జరుగకుండెడిదో సులభముగాఁ దెలిసెడిది కాదు. కార్యము ప్రత్యక్షము, కారణము పరోక్షము. మఱియు నీ నియమమున రక్షింపఁదగిన స్థలమనునది లేదు. అప్పటి క్రీడయందు కాంతికంటె వేగముగాఁ బోవు విధములు మూఁడు. ఆటకాఁ డారంభముననే యొకదాని నెన్నుకొనెడివాఁడు. వానిలోఁ గొన్ని యేర్పడిన త్రోవలతోఁ బనిలేక పోఁగలవి. శత్రు వెటనుండియైనను వచ్చును. సీమ యెటువైపునకైనను జరుగును. అట్టిచోఁ గోట కట్టుటకు స్థాన మేది?

రెండవ నియమము

ఈ దోషమును గుర్తించి, క్రీడానిర్దేశకుఁడు మార్టిన్ అన్వర్డ్ మొదలగువారు 2017లోనే మార్పును ప్రకటించిరి. 2018 ఫిబ్రవరి 22వ తేదీని 2.0 సంస్కరణము వెలువడెను. చెర్రి యను శాస్త్రకల్పనారచయిత్రి పేరు దానికిఁ బెట్టఁబడినది. అందు వలసలనుండి ప్రసరించు వ్యాప్తి తీసివేయఁబడెను. ప్రతి నక్షత్రమునకును ఠాణా యొక్కటియే యుండును. ఠాణా యెవ్వనిదో నక్షత్రము వానిది. జనులు వేలకొలఁది యున్నను ఒక్కరును లేకున్నను నియమ మొక్కటియే. ఠాణా నిలుపుటకుఁ బలుకుబడి యొక్కమాఱు వ్యయమగును. మూలవెల 75, రాజ్యమునకు దూరమైనకొలఁది హెచ్చును. ఠాణాను క్రమముగాఁ గోటగాఁ బెంచవచ్చును. ఇది చాపమీఁదఁ గూర్చుండుట. నక్షత్రమునం దొకచోటఁ దాఁకిన నక్షత్ర మంతయుఁ దనది.

ఈ నియమముతోఁగూడ మఱియొక మార్పును చేయక తీఱలేదు. రాజ్యములన్నియు హైపర్‌లేన్లనఁబడు నేర్పడిన త్రోవలవెంటనే నడువవలెనని విధించి, తక్కిన రెండు విధములను ఆరంభమునం దెన్నుకొను నవకాశమును తొలఁగించిరి. పెక్కండ్రు ఆటకాండ్రు దీనిని స్వాతంత్ర్యహరణమని నిందించిరి. నియమముల యన్యోన్యాపేక్షను చూచినచో నీ నింద నిలువదు. తాఁకుటచే స్వామ్యము కలుగునని చెప్పిన పిమ్మటఁ దాఁకుటకు దారి యేదో చెప్పవలెను. దారులు లేనిచో ప్రతి నక్షత్రమును ప్రతి నక్షత్రమునకుఁ బొరుగే యగును. పొరుగు లేనిచో సీమయే లేదు. దారు లేర్పడఁగనే ఇరుకుకనుమ లేర్పడెను. కనుమయందుఁ గోట కట్టి, శత్రువుల యోడలు దాఁటిపోకుండ నడ్డగించు యంత్రమును దానియం దుంచినవానికి వెనుకనున్న నక్షత్రములన్నియు రక్షితములయ్యెను. శూన్యమునకు లేని కొండలను లోయలను నియమము కల్పించినది.

మూఁడవ యాధారమగు వైషయికమునకును ఈ సంస్కరణముననే స్థానము కలిగెను. పరరాజ్యమునందలి నక్షత్రముపై దావా వేయుటకుఁ బలుకుబడిని వెచ్చింపవలెను. ఆ నక్షత్ర మెంత దూరమైన నంత వెల. దావా వేసినమాత్రమున నక్షత్రము చేతికి రాదు. యుద్ధమున దాని నాక్రమించి, సంధి కుదిరినపుడు దావా గలవాఁడు దానిని పొందును. దావా లేక గెలిచిన నక్షత్రము సాధారణముగా సంధియందుఁ బూర్వప్రభువునకే తిరిగిపోవును. ఇచ్ఛ వేఱు, స్పర్శ వేఱు, ఫలము వేఱు అని విడివిడిగా నియమించుట యీ సంస్కరణమునందలి సూక్ష్మత. ఇచ్ఛకు వెల గట్టుటచే యుద్ధమునకుఁ బూర్వమే యుద్ధకారణము లోకమునకు వెల్లడి యగుచున్నది. తొలి నియమమున నిచ్ఛ, వ్యాప్తి యను రెండును కలసిపోయియుండెను. రాజ్యము పెరుఁగుటయే పొరుగువానిని కోరుటయై, ఎవ్వఁడు దేనిని కోరుచున్నాఁడో తెలియకుండెను.

మర్యాద, అభివిధి

అవధినిగూర్చి వైయాకరణులు చెప్పు మఱియొక భేదము నిచ్చట స్మరింపఁదగును. ఆఙ్ అను కర్మప్రవచనీయమునకు మర్యాద, అభివిధి యని రెండర్థములు. పాటలిపుత్రమువఱకు వాన కురిసెనని చెప్పినప్పుడు ఆ పట్టణమును విడిచి కురిసినచో మర్యాద, దానిని గూడఁ గలుపుకొని కురిసినచో నభివిధి. తొలి నియమమున సీమారేఖ శూన్యమున నెక్కడనో పడెడిది. కడపటి నక్షత్రము లోనిదో వెలుపలిదో యను సంశయము తీఱెడిది కాదు. రెండవ నియమము ప్రతి సీమను అభివిధి గావించెను. కడపటి నక్షత్రము సంపూర్ణముగా లోనిది. దానికవ్వలి త్రోవ యెవ్వరిదియుఁ గాదు.

ఇంత స్పష్టమైన నియమమునకుఁ దగిన చిత్రము మాత్రము క్రీడలో లేదు. పటముమీఁద రాజ్యపు రంగు నక్షత్రముల నడుమనున్న శూన్యమును గూడఁ గప్పుచున్నది. నియమమునం దా రంగున కర్థము లేదు. పటమునఁ బ్రక్కప్రక్కగాఁ గానవచ్చు రెండు నక్షత్రముల నడుమఁ ద్రోవ లేకపోవచ్చును. అప్పు డొకదానినుండి మఱియొకదానికిఁ బోవుటకుఁ బది నక్షత్రములను చుట్టిపోవలసియుండును. రంగు నమ్మినవాఁడు తనకుఁ బొరుగువాఁడు సమీపముననున్నాఁడని భయపడును. త్రోవ నెఱిఁగినవాఁడు నిశ్చింతుఁడై యుండును. అర్థము ఔపశ్లేషికము కాఁగా చిత్రము అభివ్యాపకమును బోధించుచున్నది. శబ్దార్థముల కిట్టి విరోధము కావ్యమునందు దోషమైనట్లే క్రీడయందును దోషము. త్రోవలను ప్రధానముగను, రంగును గౌణముగను చూపియుండినచో మేలుగా నుండెడిది.

ఏ నియమము మేలు

ఈ రెండు నియమములలో నేది మేలను వాదమునకుఁ బరీక్ష యేమి? ధర్మశాస్త్రములయందలి సీమావివాదప్రకరణ మొక మార్గమును చూపుచున్నది. గ్రామముల యెల్లలయందు మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ మున్నగు చెట్లను నాటవలెననియు, వానికిఁ దోడు రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, ఇటుకలు, బొగ్గులు మున్నగు గుప్తచిహ్నములను భూమిలోఁ బాఁతవలెననియు మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున విధింపఁబడినది. చెట్టు చచ్చినను బొగ్గు చెడదు. దీని తాత్పర్యము స్పష్టము. సీమ యుండుట మాత్రము చాలదు. కలహము వచ్చినపుడు సీమ యిచ్చటనే యేల యున్నదో రుజువు చేయుటకు వీలుండవలెను. ఓడినవాఁడు తానేల యోడెనో తెలిసికొనునట్టి సీమయే న్యాయ్యమైన సీమ.

ఈ పరీక్షయందు రెండవ నియమము నిలుచును, తొలి నియమము నిలువదు. ఠాణా యే నాఁడు కట్టఁబడినది, ఎంత వ్యయమైనది, ఎవ్వఁడు దావా వేసెను, ఏ యుద్ధమునఁ గూలెను అను సంగతు లన్నియు రుజువుగా నున్నవి. నక్షత్రమును పోఁగొట్టుకొన్నవాఁడు తన తప్పిదమును వ్రేలితోఁ జూపఁగలఁడు. కావున మఱుసటి యాటయందు దానిని దిద్దుకొనఁగలఁడు. క్రీడ శిక్షణ మగుట యిట్టి నియమమువలననే.

తొలి నియమమును సమర్థించువారి వాద మింతతో సమసిపోలేదు. వారి పూర్వపక్షము బలవంతమైనది. కౌటిల్యుఁడు స్వామి, అమాత్యుఁడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అని రాజ్యమునకు ఏడు ప్రకృతులను చెప్పెను. తొలి నియమమున సీమ జనపదముమీఁద నిలిచినది; రెండవ నియమమున దుర్గముమీఁద నిలిచినది. జనులు లేని నేలను కౌటిల్యుఁడు జనపదముగా నంగీకరింపఁడు. క్రొత్త క్రీడయం దన్ననో, ఒక్క ప్రాణియు లేని నక్షత్రము నొక్క ఠాణాతోఁ బట్టినవాఁడు, కోట్లకొలఁది జనులు గల నక్షత్రమును పాలించువానితో సీమావిషయమున సమానుఁడు. పొరుగున నెంత గొప్ప జాతి వర్ధిల్లినను ఆ ఠాణాపై దాని ప్రభావము సున్న. సీమ మాఱుటకు యుద్ధమే ప్రధానద్వారమైనది. సామంతరాజ్యమును విలీనము చేసికొనుట మున్నగునవి యపవాదములు. ఆకాశమంతయు ఠాణాలతో నిండిన పిమ్మట శాంతికాలమున సీమనుగూర్చి చేయఁదగిన పని యించుమించుగా లేకపోవుట ఆటకాండ్ర యనుభవములోనిదే.

ఈ పూర్వపక్షమునం దొక సత్యము, ఒక పొరపాటు గలవు. జనులకు సీమలో పాత్ర యుండవలెననుట సత్యము. ఆ పాత్ర సీమనే నిర్ణయించునట్టిదిగా నుండవలెననుట పొరపాటు. జనుల వ్యాప్తి యొకటి, పాలనపు గీఁత మఱియొకటి. 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి తాలూకా మైసూరునకును చేరినవి. భాషావ్యాప్తి యచ్చట మిశ్రముగా నున్నను గీఁతను ఒకచోట గీయవలసియే వచ్చినది. ఏలన పన్ను వసూలుచేయువాఁడును తీర్పు చెప్పువాఁడును ఎవ్వఁడో నిశ్చయము కావలెను. గీఁత పడినందున జనులు తమ భాషను విడువలేదు. గీఁత తాఁకుడునకు సంబంధించినది. జనుల బ్రదుకు వ్యాప్తికి సంబంధించినది. ఒకదానిచే రెండవది తొలఁగిపోదు. రెంటిని ఒక్క సంఖ్యలోఁ గలుపఁబోవుట తొలి నియమపు దోషము. రెంటిలో నొకదానిని తుడిచివేయుట రెండవ నియమపు దోషము.

సమన్వయము

రెండు సూత్రములు రెంటికిని చోటు గలవి యైనపుడు, ఒకదానిని త్రోసివేయక విషయవిభాగము చేయుట శాస్త్రపద్ధతి. స్వామ్యము ఔపశ్లేషికముగనే యుండుఁగాక. ఠాణా యెవ్వనిదో నక్షత్రము వానిదే. ఆ స్వామ్యమును నిలుపుకొనుట యెంత సులభ మను ప్రశ్నము మాత్రము అభివ్యాపకమునకు విడువఁదగును. పరజాతి ప్రబలముగా వర్ధిల్లుచున్న ప్రాంతమునఁ దన ఠాణాను ఉంచుకొన్నవానికి నెలనెలను పలుకుబడి కొంత వ్యయమగునట్లు నియమింపవచ్చును. ఆ వ్యయమును, దానికిఁ గారణమైన జనసంఖ్యను పటముమీఁదఁ జూపవలెను. వ్యయమును భరింపఁజాలనివాఁడు నక్షత్రమును యుద్ధము లేకయే విడిచిపెట్టును. అయినను తన యిచ్ఛతో, కారణ మెఱిఁగి విడుచును. అట్లైనచో శాంతికాలమునందును సీమ చలించును. ఆ చలనమునకు సాక్ష్యము నుండును.

ఇట్టి విభాగ మసాధ్యము కాదనుటకు మఱియొక క్రీడ నిదర్శనము. ఐరన్‌క్లాడ్ సంస్థవారు రచింపఁగా 2008లో వెలువడిన సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్ నందు గ్రహములు త్రోవలచేఁ గలుపఁబడియున్నవి. గ్రహమునకు ప్రభు వెవ్వఁడో నిస్సంశయము. ప్రసారకేంద్రములనుండి సంస్కృతి మాత్రము ఆ త్రోవలవెంటనే పాఱుచు, శత్రుగ్రహమునందలి జనుల రాజభక్తిని తగ్గించును. వ్యాప్తి గాలిలో నలుదెసలకుఁ బోవుట లేదు. తాఁకుటకుఁ గల దారినే వ్యాప్తియుఁ బట్టినది. కావున నా సంస్కృతి యెటనుండి వచ్చుచున్నదో ఆటకాఁడు చూడఁగలఁడు, దానికెదురుగాఁ దన కేంద్రమును నిలుపఁగలఁడు. స్టెల్లారిస్ కర్తలు త్రోవలను నెలకొల్పిన పిమ్మట నీ మార్గము వారికిఁ దెఱచియే యుండెను. తొలి నియమమును సవరింపక సమూలముగాఁ దొలఁగించుటయందు వారు కొంత తొందరపడిరనియే చెప్పవలసియున్నది.

ఈ క్రీడలను తెలుఁగున వివరింపఁబూనువారు సీమార్థమునందుఁ దెలుఁగువారికిఁ గల పదములను పర్యాయములుగాఁ గలిపివేయకుండుట మేలు. ఊరిచుట్టునుండు ప్రదేశమును కలుపుకొని పలుకునది పొలిమేర. తొలి నియమపు వ్యాప్తి కది తగును. ఇద్దఱి పొలముల నడుమ వెడల్పు గలిగి, కలహమునకుఁ దావైనది గట్టు; వ్యాప్తులు రెండును కలిసిన ప్రదేశమున కది తగును. హద్దు అన్యభాషనుండి వచ్చి తెలుఁగైన మాట. పత్రములయందు వ్రాయఁబడి సాక్ష్యమునకు నిలుచు నవధి దాని యర్థము. రెండవ నియమమున కదియే సరియైన పదము.

హద్దు తగవు తీర్చును. పొలిమేర ఊరిని నిలుపును. స్టెల్లారిస్ కర్తలు 2018లో హద్దును సంపాదించి పొలిమేరను పోఁగొట్టుకొనిరి. వారు సంపాదించినది పోఁగొట్టుకొన్నదానికంటె నెక్కువ విలువగలదే. అయినను ఠాణా యెవ్వనిదని యడిగి, చుట్టు నెవ్వరు బ్రదుకుచున్నారని యడుగని సీమానియమము సగము నియమమే. మిగిలిన సగమును చేర్చువాఁడు ఈ క్రీడాశాస్త్రమున కుపకారము చేసినవాఁ డగును.